దేవుడు స్వప్నమున మాటలాడునా?



నిద్ర యందరికిని సమానమైన సొత్తు. మేడలో పరుండినవాడును, గుడిసెలో పరుండినవాడును కన్ను మూసిన పిమ్మట ఒక్కటే. అయితే ఆ నిద్రలో కలుగు స్వప్నము మాత్రము ఎవరికి వారిదే. దానిని చూచినవాడొక్కడే, ప్రక్కన పరుండినవాడు సైతము సాక్షి కాడు. ఇట్టి యొంటరి సాక్ష్యముమీద లోకములోని మతములు ఎన్నియో తమ కథలను నిలిపియున్నవి. యూదుల గ్రంథమును, క్రైస్తవుల సువార్తలును వానిలో ముఖ్యములు. ఆ గ్రంథములలోని ప్రవచనస్వప్నముల కర్థమేమి? అవి రాబోవు సంగతులను ముందుగా తెలుపు జోస్యములా, లేక మరియొక ప్రయోజనము గలవియా? ఈ ప్రశ్నను నేడు విచారింపదలచితిమి.

ఇది పరదేశపు పాతకథలను గూర్చిన పాండిత్యచర్చ యని యెంచవలదు. ఈ ప్రశ్న మన కోనసీమలో ఇల్లిల్లు తిరుగుచున్నది. వసిష్ఠ సముద్రమున గలియు అంతర్వేదికి పొండు. ఆవు పాలను అడవిలో ఒకచోట విడుచుట చూచి విస్మయమొందిన కేశవదాసను పశువుల కాపరికి నరసింహస్వామి స్వప్నమున కనబడి తన యునికిని తెలిపెనని అచటి స్థలపురాణము చెప్పును. అప్పనపల్లికి పొండు. కొబ్బరి వర్తకము చేసుకొను నొక భక్తునికి వేంకటేశ్వరుడు స్వప్నమున దర్శనమిచ్చెనని అచట చెప్పుకొందురు. క్రైస్తవుల మాటయు నిట్టిదే. 1836వ సంవత్సరమున ఇంగ్లండునుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అను సువార్తికులు గోదావరి డెల్టాలో నరసాపురము, పాలకొల్లు ప్రాంతముల పని నారంభించిరి. నేడు అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల పేటలలో ప్రార్థనామందిరములు కొల్లలుగా గలవు. అచట సాక్ష్యము చెప్ప లేచినవారు, ప్రభువు తమకు కలలో కనబడెనని కన్నీటితో చెప్పుట తరచుగా వినవచ్చును. 1938లో ముంగమూరి దేవదాసుగారు రాజమహేంద్రవరమున స్థాపించిన బైబిలు మిషను, స్వప్నములలోను దర్శనములలోను దేవుడు నేటికిని భక్తులతో మాటలాడునని బోధించుచున్నది. ఆ సంఘపు పేరే ఆకాశమున బంగారు అక్షరములతో దేవదాసుగారికి కనబడెనని ఆ సంఘస్థులు చెప్పుదురు.

కావున స్వప్నము మనకు క్రొత్త వస్తువు కాదు. అది మన యిండ్లలో చేయు మేలును, కీడును చిన్నవి కావు. మేము న్యాయవాదవృత్తిలో నున్నవారము. కుటుంబముల కలహములు మా చెవిని పడుచుండును. కలలో ఆజ్ఞ యైనదని చెప్పి క్షయరోగికి మందు మాన్పించినవారు కలరు. కలలో దేవుడు కోరెనని చెప్పి విధవరాలి యరయెకరమును వ్రాయించుకొన్నవారు కలరు. కలలో పొరుగింటి ముసలమ్మ కనబడెనని చెప్పి, ఆమె చేతబడి చేసినదని వాడవాడయు ఆమెమీద పడిన సందర్భములును మన తెలుగుదేశమున లేకపోలేదు. మరియొకవైపున, కల కన్న మరునాడే సారాసీసాను పారవైచి మరల ముట్టనివాడును, పదియేండ్ల పగను విడిచి అన్నయింటి గడప తొక్కిన తమ్ముడును కలరు. చదువుకొన్న మనమో, ఈ రెంటిని ఒకే నవ్వుతో త్రోసివేయుచున్నాము. అట్లు త్రోసివేయుట విచారణ కాదు. నవ్వు తీర్పు కానేరదు. గ్రంథమును తెరచి, అది తన స్వప్నములను గూర్చి తానే యేమి చెప్పుచున్నదో చూతము.

బైబిలునందు స్వప్నమని స్పష్టముగా చెప్పబడిన మొదటి స్వప్నము ఆదికాండము 20వ యధ్యాయమున నున్నది. అది యెవరికి వచ్చెను? అబ్రాహామునకు కాదు; అతని వంశమువానికిని కాదు. గెరారు రాజగు అబీమెలెకునకు వచ్చెను. అబ్రాహాము ప్రాణభయముచేత తన భార్యయగు శారాను చెల్లెలని చెప్పుకొనెను. రాజు అది నమ్మి ఆమెను తన యంతఃపురమునకు రప్పించెను. ఆ రాత్రి దేవుడు స్వప్నమున కనబడి, ఆమె పరుని భార్య యనియు, ఆమెను మరల నప్పగింపకున్న నీకు చావు తప్పదనియు హెచ్చరించెను. రాజు నిర్దోషియైన మనస్సుతో తాను చేసితినని వాదించెను; దేవుడు ఆ వాదమును విని యంగీకరించెను. రాజు తెల్లవారగనే లేచి, తన సేవకులనందరిని పిలిచి, ఆ సంగతి నంతయు వారి యెదుట చెప్పి, శారాను భర్త కప్పగించెను. ఇందు జోస్యమెక్కడ? భవిష్యత్తును గూర్చిన రహస్యమెక్కడ? ఒక స్త్రీకి జరుగబోవు నన్యాయమును ఆపుటయే ఆ స్వప్నపు పని. ప్రవక్త సత్యమును దాచగా, పరజాతి రాజు ధర్మమును నిలిపెను. మొదటి స్వప్నమే యిట్టిదగుట మన మరువరాదు.

న్యాయస్థానములలో ఇంజంక్షను అను నిషేధాజ్ఞ యొకటి కలదు. అది యెవ్వరికిని ఆస్తి నియ్యదు. ఎవ్వరి హక్కును తేల్చదు. కీడు జరుగబోవుచుండగా చేయి చాచినవానిని ఆపును. బైబిలులోని స్వప్నములను వరుసగా చూచినవారికి వానిలో పెక్కులు ఇట్టి నిషేధాజ్ఞలే యని తోపక మానదు. పారిపోవుచున్న యాకోబును తరుముకొని వచ్చిన మామయగు లాబానునకు, అతనికి కీడు చేయకుమని స్వప్నమున హెచ్చరిక కలిగెను. నజరేతు యోసేపునకు, మరియను విడనాడకుమని ఆజ్ఞ కలిగెను. తూర్పుదేశపు జ్ఞానులకు, శిశువు జాడను క్రూరుడగు హేరోదునకు చెప్పకుడని ఆజ్ఞ కలిగెను. పిలాతు భార్యకు, ఆ నీతిమంతుని జోలికి పోవలదని వేదన కలిగెను. ఇన్ని స్వప్నములలో ఒక్కటియైనను, కన్నవానికి పరుని సొత్తు నప్పగింపుమని చెప్పలేదు. ఇదియే మా యుపన్యాసమునకు మూలసూత్రము: గ్రంథములోని దైవస్వప్నము దానపత్రము కాదు, ఆజ్ఞాపత్రము. అది స్వప్నము కన్నవానికి లాభమును గాక, భారమును దెచ్చును.

దీనికి ప్రత్యుత్తరముగా యాకోబు స్వప్నమును కొందరు చూపవచ్చును. రాతిని తలగడగా చేసికొని బేతేలున పరుండిన యాకోబునకు, భూమినుండి యాకాశమునకు నిలిచిన నిచ్చెనయు, దానిపై ఎక్కుచు దిగుచు నున్న దేవదూతలును కనబడిరి. ఆ పరుండిన భూమినే అతనికిని అతని సంతానమునకును ఇత్తునని దేవుడు చెప్పెను. ఇది దానపత్రము కాదా? ఆక్షేపణ న్యాయమైనదే. కాని ఆ పలుకు అంతటితో నిలువలేదు. భూమియందలి సమస్త కుటుంబములును నీవలన ఆశీర్వాదము పొందునని దాని ముగింపు. తనకొరకే యిచ్చినది కాదు, లోకముకొరకు ఒప్పగించినది. అంతియకాక, ఆ స్వప్నము కన్ననాడు యాకోబు అన్నను మోసగించి పారిపోవుచున్నవాడు. మేల్కొని భూమిని కొలువబోలేదు, భయపడెను, తాను సంపాదించుదానిలో పదియవవంతు దేవుని కిత్తునని మ్రొక్కుకొనెను, పిమ్మట ఇరువదియేండ్లు పరుని యింట మందలు కాచి, తుదకు అన్న యెదుట ఏడుమారులు నేలకు వంగెను. నిచ్చెన చూచినవాడు వంగుట నేర్చుకొనెను. స్వప్నము ఫలించుట యనగా నిదియే.

ఇక యాకోబు కుమారుడగు యోసేపు కథ మన యందరికిని తెలిసినదే. బాలుడైయున్నపుడు అతడు రెండు కలలు గనెను: అన్నల పనలు తన పనకు వంగినట్లును, సూర్యచంద్రులును పదునొకండు నక్షత్రములును తనకు మ్రొక్కినట్లును. వానిని గొప్పగా చెప్పుకొనెను. అన్నల ద్వేషమును సంపాదించెను. గోతిలో త్రోయబడి, బానిసగా అమ్ముడుపోయెను. కల నెరవేరినది నిజమే. కాని యే రీతిగా నెరవేరెను? అన్నలు వంగినది అతని ఘనతకు కాదు, ఆకలికి. వారు వంగిన నాడు అతని చేతిలో నున్నది రాజదండము కాదు, ధాన్యపు గాదెల తాళపుచెవి. అధికారమని బాలుడు తలచినది, అన్నము పెట్టు పని యని వయస్సు వచ్చినపిమ్మట తెలిసెను.

ఫరో కన్న కలలలో ఏడు బలిసిన యావులను ఏడు చిక్కిన యావులు మ్రింగెను. ఏడు నిండు వెన్నులను ఏడు పీలవెన్నులు మ్రింగెను. యోసేపు దాని యర్థమును చెప్పి యూరకుండలేదు. సమృద్ధి గల యేడేండ్లలోను పంటలో అయిదవవంతు కొట్లలో నిలువ చేయింపుమని రాజునకు మార్గము చూపెను. స్వప్నముయొక్క విలువ అంతయు ఆ రెండవ సగముననే కలదు. కరవు వచ్చునని తెలిసి కొట్లు కట్టనివాడు, తెలియనివానికంటె దోషి. మన గోదావరిసీమకు ఈ పాఠము నెత్తురుతో వ్రాయబడినది. 1832-33లో నందననామ సంవత్సరపు డొక్కల కరవు తెలుగుజిల్లాలను దహించెను. నీటిని నిలుపవలెనన్న మాట అటుపిమ్మట బలపడి, ఆర్థరు కాటన్ చేతిమీదుగా 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట పని మొదలై 1852లో ముగిసెను. గన్నవరము అక్విడక్టు వైనతేయ మీదుగా కాలువను దాటించెను. 1996 నవంబరు 6వ తేది రాత్రి కోనసీమమీద పడిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి, కొబ్బరితోటలు నేలమట్టమయ్యెను. తుపాను హెచ్చరిక వాతావరణశాఖనుండి వచ్చినంతమాత్రమున అది ఫరో స్వప్నమునకంటె తక్కువ పవిత్రము కాదు. దానిని విని లంకలోని పేదను గట్టునకు చేర్చినవాడే యోసేపు శిష్యుడు.

ఇక్కడనే మరియొక సంగతి దాచరానిది. అదే ఆదికాండము 47వ యధ్యాయమున, కరవు ముదిరినపుడు జనులు ధాన్యముకొరకు ముందు సొమ్మును, పిదప పశువులను, తుదకు భూములను తమ శరీరములను సహా ఫరోకు అమ్ముకొన్నట్లు చెప్పబడినది. దూరదృష్టితో కట్టిన కొట్లే ప్రజలకు సంకెళ్లయ్యెను. కాబట్టి స్వప్నము సత్యమైనంతమాత్రమున దానిమీద కట్టిన పని యంతయు ధర్మము కాదు. దానిని వేరుగా తూచవలసినదే.

గిబియోనులో సొలొమోనునకు కలిగిన స్వప్నము ఈ తూనికకు చక్కని యుదాహరణము. ఏమి కావలెనో కోరుకొమ్మని దేవుడడుగగా, అతడు దీర్ఘాయువును, ధనమును, శత్రువుల ప్రాణమును కోరక, ప్రజలకు న్యాయము తీర్చుటకై వివేకముగల హృదయమును కోరెను. ఆ వెంటనే గ్రంథము చెప్పు కథ యేది? ఇద్దరు దిక్కులేని స్త్రీలు ఒక శిశువునకై తెచ్చిన వ్యాజ్యెము. వారు వేశ్యలు, వారి మాట వినువారు లోకమున అరుదు. రాజు విని, నిజమైన తల్లికి బిడ్డను చేర్చెను. రాత్రి కన్న స్వప్నమునకు పగటి కచేరియే పరీక్ష యయ్యెను.

ఇంతవరకు స్వప్నములకు అనుకూలమైన సాక్ష్యమును వింటిమి. ఇక ప్రతికూలమైన సాక్ష్యమును వినవలెను; అదియు నా గ్రంథముననే యున్నది. సంఖ్యాకాండము 12వ యధ్యాయమున, ఇతర ప్రవక్తలకు స్వప్నమున మాటలాడుదుననియు, మోషేతో మాత్రము ముఖాముఖిగా, గూఢార్థములు లేక మాటలాడుదుననియు దేవుడు చెప్పినట్లున్నది. అనగా స్వప్నము రెండవ తరగతి మార్గమే. ద్వితీయోపదేశకాండము 13వ యధ్యాయము ఇంకను ముందునకు పోయినది. స్వప్నము కన్నవాడు చెప్పిన గురుతు నిజముగా జరిగినను, అతడు ప్రజలను తప్పుత్రోవకు ద్రిప్పినచో అతని మాట వినవలదని చెప్పినది. ఆ చోట విధించిన మరణశిక్షను మేమంగీకరింపము. మనస్సాక్షికి కత్తితో తీర్పు చెప్పు విధి యే గ్రంథమున నున్నను విడువదగినదే. కాని అందలి తర్కము గట్టిది: కల నెరవేరుట, కల దైవికమనుటకు రుజువు కాదు.

యిర్మీయా ప్రవక్త కాలమున యెరూషలేములో, కలగంటిమి, కలగంటిమి యని కేకలు వేయుచు ప్రజలకు తీపిమాటలు చెప్పువారు పెక్కుమంది యుండిరి. ఆయన వారిని తాలునకును, దేవుని వాక్యమును గింజకును పోల్చెను. మన కళ్లములలో ధాన్యమును తూర్పారబట్టునపుడు గాలి విసరిన వెంటనే తాలు ఎగిరిపోవును, గింజ కాలిదగ్గర పడును. గాలికి భయపడువాడు తాలు అమ్మువాడే. ప్రసంగి గ్రంథము, పనితొందర మిక్కుటమైనపుడు కలలు పుట్టునని సామాన్యవైద్యుని వలె చెప్పినది. యోబు గ్రంథమున ఎలీఫజు తనకు రాత్రివేళ కలిగిన భీకరదర్శనమును సాక్ష్యముగా చూపి, బాధపడుచున్న మిత్రుని దోషి యనెను. గ్రంథాంతమున దేవుడు దోషిగా నెంచినది ఎలీఫజునే. దుఃఖితుని నిందించుటకు తన దర్శనమును వాడుకొనువారు ఈ కథను మరల మరల చదువవలెను.

దానియేలు గ్రంథమును జోస్యముల పెట్టెగా చూచువారు పెక్కుమంది. బంగారు తల, వెండి రొమ్ము, ఇత్తడి నడుము, ఇనుప కాళ్లు, ఇనుమును మన్నును కలిసిన పాదములు గల విగ్రహమును పట్టుకొని, ఏ రాజ్యము ఏ సంవత్సరమున కూలునో లెక్కకట్టువారు నేటికిని కలరు. ఆ గ్రంథపు కథ క్రీస్తునకు పూర్వము ఆరవ శతాబ్దమున బబులోనులో జరిగినట్లున్నను, నాలుగవ అంతియోకసు యూదులను హింసించిన కాలమున, అనగా క్రీ. పూ. 165 ప్రాంతమున అది తుదిరూపమొందెనని ఆధునిక పండితులలో పెక్కుమంది యభిప్రాయము. క్రీ. శ. మూడవ శతాబ్దముననే పార్ఫిరీ యను తత్త్వవేత్త ఇట్టి వాదమును చేసియుండెను. ఇందువలన గ్రంథము విలువ తగ్గునా? మా దృష్టిలో పెరుగును. రాజు కత్తి క్రింద నున్న పేదజనులకు, ఏ సామ్రాజ్యమును శాశ్వతము కాదని చెప్పి ధైర్యము నిలిపిన గ్రంథమది. నాలుగవ యధ్యాయమున నరకబడు మహావృక్షమును కలగన్న నెబుకద్నెజరునకు దానియేలు చెప్పిన దేమి? నీతిని అనుసరింపుము, బాధింపబడువారియెడల దయ చూపుము, అపుడు నీ క్షేమము నిలువవచ్చునని. జోస్యము మారని విధి యైనచో ఈ హితవాక్యమున కర్థమే లేదు. ప్రవచనము హెచ్చరిక, మార్చుకొన్నవానికి మారును.

యూదమత పండితులు తల్మూదులోని బెరకోతు భాగమున స్వప్నములను విస్తారముగా చర్చించిరి. స్వప్నము ప్రవచనములో అరువదియవవంతు మాత్రమే యనియు, వ్యర్థమైన మాట కొంతయైనను కలియని స్వప్నము లేదనియు వారు చెప్పిరి. అందుకు యోసేపు కలనే నిదర్శనముగా చూపిరి: చంద్రుడు మ్రొక్కినట్లు కనెను, కాని చంద్రుడు సూచించిన తల్లి అప్పటికే చనిపోయియుండెను. బర్ హేద్యా యను స్వప్నఫలము చెప్పువాని కథయు అందే కలదు. అబ్బయే, రవా యను నిద్దరు పండితులు ఒకే కలను గని అతనియొద్దకు పోయిరి. సొమ్మిచ్చిన అబ్బయేకు శుభఫలమును, ఇయ్యని రవాకు అశుభఫలమును అతడు చెప్పెను. వేయిన్నర యేండ్లక్రిందటి యీ కథ చదువుచుండగా మన పంచాంగముల చివరిపుటలలోని స్వప్నఫలములును, జాతరలలో సోదె చెప్పువారును, కొన్ని స్వస్థతకూటములలోని కానుకపెట్టెలును కన్నులయెదుట మెదలవా? కల ఒక్కటే, దక్షిణనుబట్టి దాని యర్థము మారును!

బుద్ధియు తన సాక్ష్యమును చెప్పవలెను. 1953లో షికాగో విశ్వవిద్యాలయమున అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అను శాస్త్రజ్ఞులు, నిద్రలో కనుగ్రుడ్లు వేగముగా కదలు ఘట్టములను కనిపెట్టి, వానికిని స్వప్నములకును గల సంబంధమును చూపిరి. మనుజుడు రాత్రికి పలుమారులు కలలు గనుననియు, వానిలో హెచ్చుభాగము మరచుననియు నేడు తెలియును. ఇపుడొక చిన్న లెక్క వేయుడు. 2022లో ప్రత్యేకజిల్లాయైన మన కోనసీమలో సుమారు 17 లక్షల జనులు కలరు. ఒక్కొక్కరికి రాత్రికి ఒక్క కలయే యని యెంచినను సంవత్సరమునకు 62 కోట్ల కలలు. పది లక్షలలో ఒక్కటి కాకతాళీయముగా నిజమైనను, ఏటేట 620 కలలు నెరవేరును. ఆ 620ని గూర్చి ఊరూర చెప్పుకొందురు; తక్కిన కోట్ల మాట యెవ్వరును ఎత్తరు. అరిస్టాటిల్ రెండువేల మూడువందల యేండ్లక్రిందటనే స్వప్నసూచనలలో పెక్కింటిని కాకతాళీయములనెను. మన చరకాచార్యులు స్వప్నములను ఏడు విధములుగా విభజించి, చూచినది, విన్నది, అనుభవించినది, కోరినది, ఊహించినది అను కారణములచే కలుగు అయిదు విధములును నిష్ఫలములని నిర్ణయించెను. పరదేశపు బుద్ధియు స్వదేశపు బుద్ధియు ఈ విషయమున ఒక్కటే.

ఇక క్రొత్తనిబంధనకు వత్తము. స్వప్నమను నర్థము గల గ్రీకుపదమొకటి అందు మత్తయి సువార్తలో మాత్రమే, ఆరు చోట్ల కనబడును. పౌలునకు మాసిదోనియ మనుష్యుడు రాత్రి దర్శనమున కనబడుట వంటివి అపొస్తలుల కార్యములలో ఉన్నవి గాని, అవి దర్శనములని పిలువబడినవి. యేసు తాను కల గన్నట్లు నాలుగు సువార్తలలో ఒక్కమాటయైనను లేదు. కలలకొరకు కనిపెట్టుడని శిష్యులకు చెప్పినట్లును లేదు. ఆకలిగొన్నవానికి అన్నము, దప్పిగొన్నవానికి నీరు, చెరలోనున్నవానికి పరామర్శ అని పట్టపగటి పనులనే ఆయన చెప్పెను. 1820లో రాజా రామమోహనరాయలు యేసు నీతిబోధలను ఏర్చి గ్రంథముగా ప్రకటించి, అద్భుతకథలను విడిచినందుకు శ్రీరామపురపు మిషనరీలు ఆయనపై వాదమునకు దిగిరి. కాని మత్తయిలోని స్వప్నకథలను సైతము శ్రద్ధగా చదివినచో వానిలోను నీతియే ప్రధానమని కనబడును. మరియ గర్భవతి యని తెలిసిన యోసేపు, నీతిమంతుడు గనుక ఆమెను బయటపెట్టక రహస్యముగా విడనాడదలచెను. స్వప్నము ఆ నీతిని ఇంకొక మెట్టు పైకెక్కించెను: విడనాడకుము, చేర్చుకొనుము. లోకాపవాదమునకు వెరచి స్త్రీని వీథిలో నిలువబెట్టు పురుషులున్నంతకాలము ఈ స్వప్నమునకు కాలము చెల్లదు.

ఆరింటిలో కడపటిది పిలాతు భార్యది. న్యాయపీఠమున కూర్చుండియున్న భర్తకు ఆమె వార్త పంపెను: ఆ నీతిమంతుని జోలికి పోవలదు, ఆయనవిషయమై కలలో మిక్కిలి బాధపడితినని. వాల్మీకి రామాయణపు సుందరకాండలో త్రిజట స్వప్నము దీనికి తోబుట్టువు. రావణుని పతనమును, రాముని జయమును కలలో చూచిన ఆ రాక్షసవృద్ధ, సీతను బెదరించుట మాని ఆమెను క్షమాపణ వేడుకొనుడని తోడివారికి చెప్పెను. ఇరువురును పగవారి పక్షపు స్త్రీలే. ఇరువురును నిర్దోషియొక్క పక్షమున పలికిరి. త్రిజట మాట కొంత చెల్లెను. పిలాతు భార్య మాట చెల్లలేదు. పిలాతు నీళ్లు తెప్పించి చేతులు కడుగుకొనెను.

న్యాయవాదులముగా మే మిచట ఒక్క క్షణము నిలువవలెను. పిలాతునకు ఆ కల యవసరమా? విచారణ యతనిదే. ఈయన యేమి కీడు చేసెనని జనులనడిగి జవాబు పొందనివాడు నతడే. కల చెప్పిన సంగతి, కచేరిలోని సాక్ష్యము ముందే చెప్పినది. కల వచ్చినది తెలియని దానిని తెలుపుటకు కాదు. తెలిసినదానిని చేయుటకు వెనుదీయు చేతిని పట్టుటకు. మనలో ననేకులు దైవసూచనకై కనిపెట్టుచున్నామని చెప్పుదురు. కట్నమడుగుట తప్పని తెలియును; పాలేరుకు కూలి బిగబట్టుట తప్పని తెలియును; పేటలోని మనుష్యుని అరుగుమీద కూర్చుండనీయకుండుట తప్పని తెలియును. ఇంకను ఏ కలకొరకు కనిపెట్టుచున్నాము? తెలిసిన ధర్మమును చేయక సూచన నడుగుట, నీళ్లు తెప్పించి చేతులు కడుగుకొనుటయే.

ఇంకొక మాట. వృద్ధులు కలలు కందురు, యౌవనులు దర్శనములు చూతురని చెప్పిన యోవేలు ప్రవక్త, కుమారులను కుమార్తెలను మాత్రమే గాక, దాసులను దాసీలను సహా పేర్కొని, వారిమీదను దేవుని ఆత్మ క్రుమ్మరింపబడునని చెప్పెను. పెంతెకొస్తు దినమున పేతురు ఆ మాటనే యెత్తెను. మన గ్రామములలో నేమి జరుగుచున్నది? పెద్దయింటి యజమానునకు కల వచ్చిన అది స్థలమహిమ. పేటలోని కూలిస్త్రీకి కల వచ్చిన అది పిచ్చి. క్రైస్తవుడు యోసేపు కలను నమ్మి కేశవదాసు కలను నవ్వును. హిందువు కేశవదాసు కలను నమ్మి సాక్ష్యము చెప్పు సోదరిని నవ్వును. అంతర్వేది కథలో కల వచ్చినది పశువుల కాపరికి. బైబిలులో మొదటి కల వచ్చినది పరజాతివానికి. దేవుడు గడపలు చూచి మాటలాడడు. పరీక్ష యుండవలెను, అది యందరికిని ఒక్కటే కావలెను.

ఆ పరీక్ష యేది? 1872 నాటి సాక్ష్యచట్టమునకు బదులు 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినను, సాక్షి తాను స్వయముగా ఎరిగినదానినే చెప్పవలెనను సూత్రము మారలేదు. ఎదిరిపక్షమువారు అతనిని ప్రశ్నింపవచ్చును. స్వప్నమును ప్రశ్నింపలేము, కాని స్వప్నమువలన పుట్టిన పనిని ప్రశ్నింపవచ్చును. మొదటి ప్రశ్న: దీనివలన లాభమెవరికి? కల చెప్పినవానికే భూమియు, సొమ్మును, పదవియు చేరుచున్నచో అది తాలు. రెండవ ప్రశ్న: ఇది యెవరికైన కీడు చేయుమనుచున్నదా? రోగికి మందు మాన్పించు కలయు, ముసలిదానిని మంత్రగత్తె యనిపించు కలయు దైవాజ్ఞలు కానేరవు. గ్రంథపు స్వప్నములు నిర్దోషిని కాచినవి. మూడవ ప్రశ్న: ఇది పగటివెలుగును సహించునా? అబీమెలెకు తెల్లవారగనే సేవకులందరి యెదుట చెప్పెను. వైద్యుని యెదుట, లెక్కల పుస్తకము నెదుట, పొరుగువాని యెదుట నిలువలేని కలను తలగడక్రిందనే యుంచుట మేలు. ఈ మూడింటికిని నిలిచి, పగను మాన్పి, సారాను మాన్పి, భార్యపై ఎత్తిన చేతిని దించిన కల యేదైన నున్నచో, అది యే గుడిలో చెప్పబడినను, ఏ మందిరములో చెప్పబడినను, దానికి నమస్కరింతము. అది నిద్రాణమైన మనస్సాక్షి మాట యని కొందరు చెప్పుదురు. కావచ్చును. మనస్సాక్షిలో పలుకువా డెవడో వారిని విచారింపనిండు.

ప్రార్థింతము.

పరమేశ్వరా, నిద్రలోను మెలకువలోను నీవే మాకు సాక్షివి. మా కోరికలకు నీ పేరు పెట్టి మమ్ము మేము మోసగించుకొనకుండ కాపాడుము. కీడు చేయబోవు మా చేతిని, కలచేతనైనను, మిత్రునిచేతనైనను, చట్టముచేతనైనను ఆపుము. పట్టపగలు మా యెదుట నిలిచిన ధర్మమును చూచి, ఇంకను సూచన చూపుమని నిన్నడుగు సోమరితనమును మానుపుము. దీనుల నోట వచ్చు నీ మాటను విను చెవుల నిమ్ము. తెలిసినంత చేయు బలము నిమ్ము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.